ఇజోరా అడగని క్షమాపణ

ఆదివారం లోపు ఆర్డెల్లా చేయాల్సినవి: తెల్ల గౌనుకు గంజి పెట్టడం, కోడిని కోసి వేయించడం, అక్క జుట్టు చిక్కు తీసి జడలు వేయడం, సంఘపెద్దల ఇళ్లకు వెళ్లి బతిమాలడం. అన్నిటికన్నా కష్టమైనది చివరికి మిగిలింది. అక్కను ఒప్పించడం.

అక్క ఇజోరా కాన్సస్ సిటీ సారా కొట్లలో ఏళ్ల తరబడి జాజ్ పాడింది. వచ్చిన రికార్డు ఒక్కటే. దాని మీద బ్యాండు యజమాని పేరే వేశారు. ఊపిరితిత్తులు చెడ్డాక సొంతూరు సెడేలియాలో చెల్లెలి పంచన చేరింది. అమ్మ పక్కన పూడ్చితే చాలంటోంది. అమ్మ ఉన్నది బాప్టిస్టు మందిరం వెనక సమాధుల తోటలో. అలాంటి చోట్ల పాడినవాళ్లు సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటేనే అక్కడ చోటు.

"ఒక్క మాట అక్కా. 'పాడి పాపం చేశాను, క్షమించండి' అను. నీ సొమ్మేం పోయింది?"

"సొమ్మే అయితే ఎప్పుడో పారేసేదాన్ని." ఇజోరా దగ్గుతూనే నవ్వింది. "నాకు పాట నేర్పింది ఆ మందిరమేనే పిల్లా. వాళ్లిచ్చిన గొంతుతోనే ఆ కొట్లలోనూ పాడాను."

"చచ్చేటప్పుడు కూడా నీ పంతమేనా?"

"కోడి మాడుతోంది, ముందు అది చూడు."

ఆదివారం మందిరంలో ఇజోరా ముందున్న బల్ల పట్టుకుని లేచింది. జనం చేతుల్లోని విసనకర్రలన్నీ ఆగిపోయాయి.

"చెప్పు సిస్టర్," అన్నారు పాస్టరు గారు.

"ఇన్ని ఆదివారాలు రానందుకు క్షమించండి. అమ్మ పోయినప్పుడు దగ్గర లేనందుకు క్షమించండి." ఊపిరి తీసుకుంది. "పాడినందుకు మాత్రం అడగను. దేవుడి ముందు అబద్ధమాడలేను."

ఎవరూ ఆమేన్ అనలేదు.

"కాటికి కాళ్లు చాపుకున్నా సిగ్గు రాలేదు," అంది ముందు వరసలోని ముసలి పెర్లీన్.

ఆర్డెల్లా తల దించుకుంది. అక్క కూర్చోబోతూ చేయి చాపితే అందుకోలేదు.

మంచు పడకముందే ఇజోరా పోయింది. ఊరవతల దిక్కులేనివాళ్ల నేలలో గొయ్యి తీయించారు. సంఘం నుంచి ఒక్కరూ రాలేదు. పూడ్చేటప్పుడు ఒకరు కీర్తన చరణం అందిస్తే మిగతావాళ్లంతా దాన్ని ఎత్తుకోవడం ఆ సంఘం ఆచారం. ఆర్డెల్లా చరణం అందించి ఆగింది. ఎవరూ ఎత్తుకోలేదు. గొయ్యి తవ్వినతను టోపీ తీసి, "నాకు రాదమ్మా," అన్నాడు. రెండో చరణం ఆర్డెల్లాయే అందించి, తనే ఎత్తుకుంది. ఆఖరు దాకా అలాగే పాడింది.

ఆ పాత రికార్డు మీకెక్కడైనా వినబడితే దాని మీది పేరు చూడకండి. ఆ గొంతు ఇజోరా టిబ్స్‌ది. దయచేసి గుర్తుపెట్టుకోండి.