కొలత ఇల్లు

నేరేడ్‌మెట్‌లోని సర్కారు అద్దె క్వార్టర్లలో అధికారులు ప్రతి ఇల్లూ కొలవరు. వరుసకు మొదటి ఇల్లు కొలుస్తారు. అది ఎంత ఉంటే దాన్నిబట్టి వరుసలో అందరికీ ఒకటే అద్దె. దాన్ని అందరూ కొలత ఇల్లు అంటారు. మూడో వరుసలో కొలత ఇల్లు అప్పలలక్ష్మిది.

ఆమె వెనకవైపు రేకుల గది వేయించుకుంది. అందులో మిషను పెట్టుకుని సైనిక్‌పురి ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. భర్త కన్నారావు సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లను తిప్పే కారు నడుపుతాడు. అతని జీతం ఒక నెల వస్తే ఒక నెల రాదు. పొయ్యి వెలిగేది మిషను మీదే.

కంపెనీలు వచ్చాక చుట్టూ అద్దెలు పెరిగాయి. సర్కారు కూడా పెంచుతుందని, సోమవారం కొలతలకు వస్తారని తెలిసింది. వెనక గది ఉంటే కొలత పెరుగుతుంది, అందరి అద్దె పెరుగుతుంది. ఆ సోమవారం పొద్దున్నే పక్కింటి రాఘవేందర్ గడ్డపారతో వచ్చాడు. అతని వెనక ఆ వరుస జనమంతా ఉన్నారు.

“వదినా, మిషన్ తీసుకొని జెర బయటికి రా. జల్ది అయిపోతది.”

“నువ్వు ముందర రెండు గదులేసినావు కదేటి? ముందు అవి పీకు.”

“నాది కొలవరు గద. కొలిచేది నీదే.” వెనక ఎవరో నవ్వారు.

“ఇది తీసేస్తే ఏటి తిని బతకమంటావు? నానిక్కడినించి లెగను. కొట్టుకో.”

గోడ మీద కొట్టాడు. ఇటుక ఊడి ఆమె చేతి మీద పడి నెత్తురొచ్చింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కన్నారావు రాఘవేందర్ మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ కంకరలో దొర్లారు. ఎవరో కర్ర ఎత్తి కన్నారావు భుజం మీద వేశారు. ఎముక విరిగిన చప్పుడు గదిలోకి వినిపించింది. అప్పలలక్ష్మి కత్తెరతో బయటికొచ్చి రాఘవేందర్ ముంజేతిలో దించింది. అతను అరిచి, రెండో చేత్తో ఆమె జుట్టు పట్టుకుని దూరంగా ఈడ్చాడు.

మిగతావాళ్లు గోడను తోశారు. పైకప్పు దూలాలు వంటింటి గోడలోకి దించి ఉన్నాయని ఎవరూ చూసుకోలేదు. గది పడుతూ వంటింటి గోడను కూడా లాగేసింది. మిషను దాని కింద ఉండిపోయింది.

దుమ్ము అణగకముందే కొలతల అధికారి సదాశివ స్కూటర్ దిగాడు. రాఘవేందర్ చేతికి తువ్వాలు చుట్టుకుంటూ ఎదురెళ్లాడు.

“రండి సార్. గది గిది ఏం లేదు, కొలుచుకోండి.”

సదాశివ వంటింటి వైపు చూశాడు. “గోడ లేని ఇంటిని కొలత ఇల్లుగ ఎట్ల రాయాలయ్యా? కూలినదాన్ని వదిలి పక్కది కొలవాలె. పక్కిల్లు ఎవరిది?”

వరుసంతా రాఘవేందర్ ముందుగదుల వైపు చూసింది.

“టేపు కొస ఎవరన్నా పట్టుకోండి.”

ఎవరూ కదల్లేదు. అప్పలలక్ష్మి భర్త పక్కన కూర్చుని ఉంది.

“ఎల్లే,” అన్నాడు కన్నారావు పళ్లు బిగించి. “ఆటో వచ్చేదాకా నాకేటవదు.”

ఆమె లేచి, నెత్తురు కారుతున్న చేత్తోనే టేపు కొస అందుకుంది. రాఘవేందర్ ముందుగది చివరి మూల దాకా నడిచి, అక్కడ గోడకు అదిమి పట్టింది.

“ఇక్కడిదాకా ఉంది సారూ. లాగండి.”