గడప దాకా వచ్చిన నీళ్ళు

దుబాయ్‌లో గోడ చెప్పే మాట వినగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడి పేరు ఫకీర్ సాహెబ్. అంటే నేనే. దిర్హం బిళ్ళ తీసి గోడను మూడుసార్లు తట్టానంటే చాలు, లోపల పైపు కారుతోందా, సిమెంటు తక్కువై ఇసుక ఎక్కువైందా, పూత పూసిన మేస్త్రీ ఆ పొద్దు పెళ్ళాంతో పోట్లాడి పనికొచ్చాడా, అన్నీ చెప్పేస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ దేశంలో గోడలకు పూత పూశాను మరి. ఒకసారి ఉమ్ అల్ క్వైన్‌లో ఒక గోదాము గోడ తట్టి, లోపల ఎలుక ఉంది, అది చూలుతో ఉంది, మెల్లగా పగలగొట్టండి అన్నాను. మా మేనేజరు, ఇక్కడ ముదీర్ అంటారు, ఈజిప్టువాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. పగలగొడితే ఎలుకా, దాని పక్కన కళ్ళు తెరవని ఐదు పిల్లలూ. అప్పటినుంచి ముదీర్ నాకు ముందుగా సలాం చెప్పేవాడు.

మా పల్లె జమ్మలమడుగు పక్కన. అక్కడ అయిదు దాకా చదివాను. ఆరో తరగతికి మూడు మైళ్ళు నడవాలన్నారు. నడక నాకు పడదు, అందుకే విమానమెక్కాను. సెలవుకు పోయినప్పుడల్లా మా వీధిలో కూర్చుని ఈ ఎలుక కథ చెప్పేవాణ్ణి. అందరికన్నా ముందు వచ్చి కూర్చునేది గౌసియా, దూదేకుల మస్తానయ్య కూతురు. "మామా, ఆ ఐదిట్లో మగపిల్లలెన్ని, ఆడపిల్లలెన్ని?" అని అడిగేది. ప్రతి ఏడూ వేరే లెక్క చెప్పేవాణ్ణి. ప్రతి ఏడూ పట్టుకునేది.

ఇప్పుడు పని మానేశాను. ఇంటర్నేషనల్ సిటీలో నా కొడుకు ఇర్షాద్, కోడలు అజ్రాల దగ్గర మూడో అంతస్తులో ఉంటున్నాను. రెండు వేల ఇరవై నాలుగు మొదట్లో ఎదురు బిల్డింగు కింది అంతస్తులో ఒక ఫ్లాటు అమ్మకానికొచ్చింది. ఒక గది, వంటకు ఒక మూల, గోడలో కట్టిన అల్మారా. అద్దెలు పెరిగిపోతున్నాయి, కొనేద్దామన్నాడు ఇర్షాద్.

"ముందు ఇంజినీరును పిలిచి చూపిద్దాం రా," అన్నాను.

"ఇంజినీరెందుకు నాయనా? దిర్హం బిళ్ళ నేనిస్తా, నువ్వు పోయి తట్టు."

"చెవిలో కొంచెం జలుబుగా ఉండాది."

"చెవిలో జలుబా?"

"గోడలు వినేటోళ్ళకు అక్కడే వస్తాది."

వాడు దండగ ఖర్చన్నాడు. నేను పంతం పట్టి, నేను దాచుకున్న దాంట్లోంచి ఇచ్చి ఇంజినీరును పిలిపించాను. అతను రంగులు చూపే కెమెరా తెచ్చి, గోడలన్నీ ఫొటోలు తీసి, నలభై పేజీల రిపోర్టు ఇచ్చాడు. ఇంగ్లీషు నాకు రాదు. రావలసిన పనీ లేదు, పేజీ పేజీకీ పచ్చ టిక్కులే. మొదటి పేజీ మీద తేదీ ఉంది, మార్చి తొమ్మిది. అంకెలు మాత్రం నాకు బాగా వచ్చు. ఆ తేదీని మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

ఏప్రిల్‌లో, రంజాన్ పండుగ అయిన వారానికి ఆ వాన వచ్చింది. ఈ దేశంలో అంత వాన నేను చూడలేదు. మా బాల్కనీలోంచి చూస్తుంటే ఎదురు ఫ్లాటు తలుపు నీళ్ళ తోపుకు తెరుచుకుంది. లోపలినుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ బయటికొచ్చి, ఒక చుట్టు తిరిగి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ లోపలికి పోయింది. నీళ్ళు మూడు రోజులు నిలిచాయి.

"నాయనా, నీ పచ్చ టిక్కులు ఈదుతా ఉండాయి చూడు," అన్నాడు ఇర్షాద్. ఆ రోజే ఏజెంటుకు ఫోన్ చేసి, మాకొద్దు, ఖలాస్ అన్నాడు. తర్వాత నెలా రెండు నెలలూ అన్నానికి కూర్చుంటే చాలు, ఆ రిపోర్టు మాటే తీసేవాడు. అజ్రా తల వంచుకుని నవ్వేది. నేను కూర బాగుందని చెప్పేవాణ్ణి.

ఫ్లాటు యజమాని నీళ్ళు తోడించి, ఆరబెట్టించి, తెల్లగా రంగు వేయించాడు. ఏజెంటు మళ్ళీ బేరం పెట్టాడు.

జూన్‌లో గౌసియా ఫోన్ చేసింది. ఆమె ఇప్పుడు ఖోర్ ఫక్కాన్‌లో ఉంటోంది. భర్త అయూబ్ అక్కడి పోర్టులో క్రేన్ నడుపుతాడు, ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. అయూబ్‌కు దుబాయ్‌లో పని దొరికింది. ఊళ్ళో తండ్రి ఇచ్చిన చేను అమ్మి, ఇద్దరి ఇరవై ఏళ్ళ కష్టం దానికి కలిపి, సొంత గూడు ఒకటి కొనుక్కోవాలని తిరుగుతున్నారు. ఆ డబ్బు చేజారితే మళ్ళీ కూడబెట్టే వయసు వాళ్ళకు లేదు. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

"మామా, మీ ఎదురు బిల్డింగులో కింది ఇల్లు చూస్తిమి. మొదట మీరే కొనల్లనుకుంటిరంట కదా. రిపోర్టు కూడా తీయించినారంట."

"ఎవురు చెప్పినారు?"

"ఏజెంటు. ఒక గోడకు ఇద్దరు ఇంజినీర్లెందుకు మామా? మీరు పెట్టిన దాంట్లో సగం నేనిస్తా, ఆ కాగితాలు నాకియ్యి."

ఆ రిపోర్టు వానకు ముందుదమ్మీ, అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట నాలుక మీదే ఉంది. కానీ సగం అనగానే నాకు ఇర్షాద్ ముఖం కనిపించింది. ఆ నోట్లు వాడి అన్నం పళ్ళెం పక్కన పెట్టి, దండగ కాలేదురా, చూడు, అనాలని ఆశ పుట్టింది. డబ్బుకు గతిలేక చేసుంటే ఇంత సిగ్గుండేది కాదేమో.

"మీరెందుకు వద్దనుకుంటిరి మరి?" అని అడిగింది.

"అజ్రాకు పైన ఉండల్లంట. సముద్రం కనపడల్లంట."

"ఇంటర్నేషనల్ సిటీలో సముద్రమా?"

"మెడ బాగా చాపితే."

నవ్వింది. నవ్వు ఆపి మళ్ళీ అడిగింది. "మామా, వానకు నీళ్ళు రాలేదా? ఫోన్లో చూస్తిమి, మీ వైపంతా చెరువు మాదిరి ఉండె."

"వచ్చినాయి. గడప దాకా వచ్చినాయి. లోపల మనుషులెవరూ లేరని చూసి, సలాం చెప్పి మర్యాదగా ఎనక్కి పోయినాయి."

"నీ కోతలు ఇంకా పోలేదు మామా," అని పడీపడీ నవ్వింది. నేను కోతలు కోయడం, ఆమె నవ్వడం ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ అలవాటు చాటున నేను ఆ అబద్ధాన్ని దాటించేశాను. నీళ్ళు గడప దాటలేదన్న మాటొక్కటే ఆమె మనసులో మిగిలింది.

ఆ శుక్రవారం బస్సులో వచ్చింది. కొలతల టేపు మెడలోనే ఉంది, మిషను ముందునుంచి లేచి అట్లే వచ్చినట్టు. చేతిలో బెల్లంతో చుట్టిన చెనిక్కాయల ఉంటల డబ్బా. డబ్బుల కవరు నా చేతికిచ్చి, రిపోర్టు కాగితాలు తీసుకుని తిప్పి చూసింది.

"అన్నీ పచ్చగా ఉండాయి మామా, చింతచిగురు మాదిరి. మొదటి పేజీ యాడ?"

"దాంట్లో ఉత్త పేర్లే. టీ ఒలికింది, తీసేస్తి."

టీ ఒలకలేదు. ఆ పేజీ నా పరుపు కింద ఉంది.

"సరే, రా మామా. ఇంజినీరు చూసినాడు, ఇంక నువ్వొకసారి తట్టు. రేపు చెక్కు ఇయ్యల్ల, ఇచ్చినాక ఎనక్కి రాదు. నువ్వు తట్టి ఊ అంటే నాకు ధైర్యం." మెట్లు దిగుతూ మళ్ళీ అంది. "తాళం చేతికొచ్చినాక పాలు కూడా నువ్వే పొంగించల్ల. మా నాయన లేడు గదా."

ఏజెంటు తలుపు తీసి, ఫోన్ మాట్లాడుకుంటూ బయటే నిలబడ్డాడు. లోపల కొత్త రంగు వాసన. నేను జేబులోంచి బిళ్ళ తీశాను.

ఇక్కడ ఒక నిజం చెప్పేయాలి. గోడలు నాకెప్పుడూ ఏమీ చెప్పలేదు. ఉమ్ అల్ క్వైన్ ఎలుక సంగతంటారా, ఆ పొద్దున పరోటా తింటూ, అది బరువు పొట్టతో గోడ బొక్కలోకి దూరడం నా కళ్ళతో చూశాను. గోడ తడితే ఆలోచించుకోవడానికి కాస్త సమయం దొరుకుతుంది, చూసేవాళ్ళకు పని చేస్తున్నట్టు ఉంటుంది. నా విద్య అంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళు అన్నం పెట్టింది.

ఆ రోజు కూడా తట్టాను. గౌసియా నా పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి వింటోంది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ముఖం మాత్రం ఎలుక కథ వినే పిల్లదే.

"ఏమంటాది మామా?"

నా చేయి ఆగిపోయింది. బిళ్ళ జేబులో వేసుకుని, నేనే వెళ్ళి అల్మారా తలుపు తెరిచాను. కింది అర వెనక చెక్కకు యజమాని పెట్టిన పనివాళ్ళు రంగు వేయడం మరిచారు. మోకాలెత్తున బురద గీత, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

గౌసియా వంగి చూసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, మెడలోని టేపు తీసి, ఒక కొన నేలకు ఆనించి, ఇంకో కొన గీత దాకా లాగింది.

"పంతొమ్మిది అంగుళాలు." లేచి తలుపు దగ్గరికి పోయి గడప కూడా కొలిచింది. "ఇది రెండంగుళాలు. గడప దాకా అంటివి."

"అమ్మీ..."

"మొదటి పేజీ మీద ఏముండె మామా?"

"తేదీ."

టేపు వేలికి చుట్టుకుంది. ఆమె గొంతు పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"చిన్నప్పటి నుంచి నీ కోతలు వింటిమి. ఒక్క రోజన్నా నువ్వు పైసా అడగలేదు. ఊరికే చెప్తివి, ఊరికే నవ్వితిమి. ఇదొక్కటి అమ్మితివి మామా."

కవరు తీసిచ్చాను. తీసుకుంది. ఎందుకు తీసుకోదు, ఒక్కో కుట్టూ కుట్టి సంపాదించింది. కాగితాలు నా చేతిలో పెట్టింది.

"ఏజెంటుకు నేను చెప్పుకుంటా. నువ్వు ఇంటికి పో. ఎండ ఎక్కువుండాది, నీడన పో."

ఆ నీడన పో అన్న మాటే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర ఇర్షాద్, "రిపోర్టు కనపడదే నాయనా?" అన్నాడు.

"పారేస్తి."

"ఇన్నాళ్ళకు ఒక మంచిపని చేస్తివి," అన్నాడు వాడు. నేను కూర బాగుందన్నాను.

వాళ్ళు షార్జా వైపు ఎక్కడో రెండో అంతస్తులో ఇల్లు తీసుకున్నారని తర్వాత విన్నాను. పాలు ఎవరు పొంగించారో తెలియదు, నాకు పిలుపు రాలేదు. ఉంటల డబ్బా మాత్రం మా వంటింట్లోనే ఉంది. కడిగి, బోర్లించి పెట్టాను. తిరిగివ్వాలంటే ఆ ఇంటి గడప ఎక్కాలి.

చివరగా ఒక మాట. ఈ కథలో ఎలుక నిజం, నీళ్ళు నిజం, ఆ పంతొమ్మిది అంగుళాలూ నిజం. గౌసియా అన్న మాటల్లో ఒక్కటీ నేను మార్చలేదు. నేను కల్పించింది ఒక్కటే. అల్మారా తలుపు తెరిచింది నేను కాదు. నేను అప్పుడు ఎదుటి గోడవైపు తిరిగి, బిళ్ళతో తడుతూ, "ఎండుకొబ్బరి చిప్ప మాదిరి పలకతా ఉండాది, మేలైన గోడమ్మీ" అంటున్నాను. లోపల తన బట్టల తానులు పడతాయో లేదో కొలుచుకుందామని, ఆమే తెరిచింది.