తాళం వేసిన ఇల్లు

ఇస్త్రీపెట్టె అడుగుకు తడిగుడ్డ ఒకసారి ఆనించి, సుయ్‌మన్న చప్పుడు విన్నాక, అత్తగారు తెల్లకోటు కాలరు మీద దాన్ని మెల్లగా నడిపించింది. ముసలి చెయ్యి ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది గాని, ఇస్త్రీపెట్టె పట్టుకుంటే మాత్రం వణకదు. ఏం చెబుతాం, కొన్ని చేతులంతే. కోడలు నర్సుగా చేరిన నాటి నుంచీ ఆ కోట్లు ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం ఆవిడ పనే. ఉన్నవి రెండు కోట్లు. ఒకటి ఒంటి మీద ఉంటే ఒకటి మేకుకు ఉంటుంది. గోడ చెమ్మ అంటకుండా వెనక పాత పేపరు కూడా పెడుతుంది. ఆ గదిలో చెమ్మ పట్టని వస్తువంటూ ఉంటే అదొక్కటే.

గది అంటే గదే మరి. ముందు తలుపు, వెనక అద్దకం షెడ్డు గోడ. కిటికీ లేదు. షెడ్డువాళ్ళు నీళ్ళు వదిలినప్పుడల్లా గోడ అడుగున ఒకనాడు నీలం, ఒకనాడు ఎరుపు ఊరుతుంది. "మన గోడకున్నన్ని చీరలు నాకు లేవే" అని అత్తగారు నవ్వుతుంది. నవ్వితే దగ్గు. దగ్గు మొదలైతే ఒక పట్టాన ఆగదు.

కోడల్ని అందరూ ఇంజక్షనమ్మ అంటారు. యాభై దాటిన మనిషి, పొట్టి, బొద్దు, నడుస్తుంటే చెప్పులు టపటపమంటాయి. ఆమె సూది గుచ్చితే నొప్పి తెలియదంటారు. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. పిల్లలు చిన్నగా ఉండగానే మొగుడు పోయాడు. ఈమె రాత్రి డ్యూటీలకు వెళితే పిల్లల్ని చెరోపక్క వేసుకుని పెంచింది అత్తగారే. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళయి, ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నారు. ఇక మిగిలింది వీళ్ళిద్దరూ, రెండు కోట్లూ.

ఆరోగ్య కేంద్రంలో మాత్రం ఆమె పెద్దరోడ్డు పక్క ఇళ్ళలో ఉంటుందని అందరి నమ్మకం. చేరిన కొత్తలో ఎవరో అడిగితే "పెద్దరోడ్డు పక్కన" అంది. అబద్ధమేం కాదు, పక్కనే, కాకపోతే చాలా పక్కన. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి రోజూ తానుండే సందు వెనకనుంచి చుట్టు తిరిగి, పెద్దరోడ్డెక్కి, అటునుంచి వచ్చినట్టుగా వస్తుంది. సందువాళ్ళు మందులకొస్తే వాళ్ళ కేసి ఒక చూపు చూస్తుంది. పాపం, వాళ్ళూ ఊరుకుంటారు.

ఈ వారం ట్రైనింగు. నర్సింగు కాలేజీ నుంచి ఒక మేడం వచ్చి నర్సులకు పరిశోధన ఎలా చేయాలో నేర్పుతోంది. సూదులు గుచ్చేవాళ్ళకి పరిశోధనేమిటని మొదటిరోజు అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. మేడం గొంతు మెత్తన గాని ప్రశ్న మాత్రం సూటిగా ఉంటుంది.

"ఇద్దరికి ఒకటే దగ్గు. ఒకటే మందు ఇచ్చాం. ఒకరు లేచి తిరుగుతున్నారు, ఇంకొకరు నెలనెలా మన గుమ్మంలోనే. ఎందుకంటారు?"

"వేళకు వేసుకోరు మేడం. శుభ్రం తెలియదు" అంది ఇంజక్షనమ్మ, అందరికంటే ముందు. ఏళ్ళ తరబడి రోగుల్ని తిట్టిన తిట్టే కదా, నోటికొచ్చేసింది.

"వాళ్ళ ఇల్లు చూశారా ఎప్పుడైనా?"

లేదన్నట్టు తల ఊపింది. చూడకపోవడమేమిటి, రోజూ పడుకుని లేచేది అందులోనే.

ఆ తరువాత మేడం చెప్పినదంతా ఆమెకు ముల్లులా దిగింది. పొయ్యి ఎక్కడుందో చూడాలట, గాలి ఎటునుంచి వస్తుందో చూడాలట, నీళ్ళు ఎవరు మోస్తున్నారో అడగాలట. అడిగి రాసుకుంటే, ఆయాసం ఉన్న ఇళ్ళకు శనివారం ఛాతీ డాక్టరు నడిచి వస్తాడు. ఆ రాతలు ముందు పెట్టి, గాలాడని ఇళ్ళకు కిటికీలు పెట్టించమని పైవాళ్ళను నిలదీయవచ్చు. రాయని ఇంటికి డాక్టరూ లేడు, కిటికీ లేదు.

నిన్న సందులు పంచారు. ఇంజక్షనమ్మకు ఆమె సందే వచ్చింది. ఇది మా సందేనండీ అనడానికి నోరు తెరిచి, ఆవలించినట్టు చేసి మూసేసింది.

అందుకే ఈ పొద్దున చెప్పులు వేసుకుంటూ, అత్తగారి మొహం చూడకుండా అంది.

"అత్తయ్యా, ఇవాళ బయట తాళం వేసి వెళ్తాను. ఎవరెవరో తిరుగుతున్నారట, మీరు మాటిమాటికీ లేవక్కర్లేదు. మధ్యాహ్నం వచ్చి తీస్తా."

"సరే."

"నీళ్ళు కాస్త తక్కువ తాగండి. బయటికి వెళ్ళాల్సొస్తే మళ్ళీ ఇబ్బంది."

"సరేలేవే అమ్మాయ్, ఆలస్యమవుతోంది నీకు."

గోరువెచ్చని నీళ్ళు గ్లాసులో పోసి మంచం పక్కన పెట్టి, తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో వేసుకుంది. జేబులో అప్పటికే మేడం ఇచ్చిన సుద్దముక్క ఉంది. చూసిన ఇంటికి టిక్కు, తాళమున్న ఇంటికి ఇంటూ గుర్తు పెట్టాలని నేర్పింది.

సందులోకి మేడం కూడా వెంట వచ్చింది. ఇంజక్షనమ్మ తన సందులోకి తాను కొత్తగా వచ్చినట్టు, గుంట ఎక్కడుందో తెలియనట్టు చూసుకుని చూసుకుని నడిచింది. పక్కింటి కూరగాయలామె గుమ్మంలో కూర్చుని గంప సర్దుకుంటోంది. ఈమెను చూసి నవ్వబోయి, వెనక మేడాన్ని చూసింది. ఈమె కళ్ళు చూసింది. నవ్వు మింగేసింది.

"నమస్తే సిస్టరుగారూ. ఈ వైపు ఎప్పుడూ చూళ్ళేదే మిమ్మల్ని" అంది. తూనికరాళ్ళతో అలవాటైన మనిషి, మాట కూడా తూచి వేస్తుంది.

ఇంజక్షనమ్మ చెవులు కాలిపోయాయి. అయినా నేర్చుకున్నట్టే గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని, నేర్చుకున్నట్టే మెత్తగా అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా అమ్మా? రాత్రి నిద్ర పడుతోందా?" మేడం మెచ్చుకోలుగా తల ఊపింది.

"ఈ పక్కింట్లో ఎవరుంటారండీ?" అని అడిగింది మేడం.

"తాళం ఉందిగా అమ్మా. ఎవరో ఉద్యోగస్తులు. మాలాంటివాళ్ళతో కలవరు" అంది కూరగాయలామె, గంపలోంచి తల ఎత్తకుండా.

అప్పుడే తలుపు వెనక గ్లాసు దొర్లిన చప్పుడైంది. దాని వెంటే ఏదో అదిమిపెట్టిన చప్పుడు, దిండు కింద పిల్లి మూలిగినట్టు.

"ఎలకలండీ" అంది కూరగాయలామె.

ఇంజక్షనమ్మ సుద్దముక్క తీసి తన తలుపు మీద తన చేత్తోనే ఇంటూ గుర్తు పెట్టింది. చెయ్యి వణకలేదు. సూది గుచ్చే చెయ్యి కదా.

మధ్యాహ్నం తాళం తీసేసరికి అత్తగారు మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు, దాని ఒక కొస నలిగి తడిసి ఉంది. ఒలికిన నీళ్ళను గచ్చు అప్పటికే పీల్చుకుంది.

"ఒక్క గుక్కన్నా తాగలేదా అత్తయ్యా?"

"నువ్వు తక్కువ తాగమన్నావుగా. ఎంత తాగితే తక్కువో నాకేం తెలుసు, నేనేమన్నా నర్సునా?" అని నవ్వబోయి దగ్గింది. దగ్గి, ఊపిరి అందాక మళ్ళీ అంది. "నీ గొంతు విన్నానే. ఎంత ముద్దుగా అడిగావు పక్కింటామెను! ఆయాసం ఉందా అమ్మా, నిద్ర పడుతోందా అమ్మా అని. నన్నెప్పుడూ అలా అడగలేదు."

నిష్ఠూరంగా అనలేదు. మెచ్చుకుంటున్నట్టే అంది. అదే ఆమె తట్టుకోలేకపోయింది.

"రేపు కూడా వస్తారా మీవాళ్ళు?"

"తాళమున్న ఇళ్ళకు మళ్ళీ వస్తారు."

అత్తగారు అలాగా అని తల ఊపి, బకెట్లోని రెండో కోటు పిండడానికి లేచింది.

ఇంజక్షనమ్మ అన్నం కూడా తినలేదు. "ఇప్పుడే వస్తానత్తయ్యా" అని బయటపడింది. ఇన్నేళ్ళకు మొదటిసారి చుట్టు తిరగకుండా సందులోంచి తిన్నగా వెళ్ళింది. ఎంత దగ్గరో అప్పుడు తెలిసింది. కానీ కేంద్రం వరండాలో అందరి మధ్యా కూర్చున్నాక, మేడం చెప్పింది రాసుకుంటూ పోయింది. క్లాసు సాగింది, అయిపోయింది. అందరూ వెళ్ళాక, కుళాయి దగ్గర గిన్నె కడుక్కుంటున్న మేడం వెనక నిలబడి అంది.

"మేడం, పొద్దున ఆ తాళం నాదే. లోపల మా అత్తగారున్నారు. ఆవిడకు ఆయాసం."

మేడం వెనక్కి తిరిగింది. కుళాయి కట్టేసింది. తడిచేతులు తుడుచుకోనైనా తుడుచుకోకుండా "పదండి" అంది.

దారిలో ఏవేం చెప్పాలో కూర్చుకుంటూ నడిచింది. గోడ ఇలా ఊరుతుందని చెప్పాలి, ముందు అత్తయ్య కాళ్ళు పట్టుకోవాలి, లేదు ముందు మేడానికి స్టూలు వేయాలి.

తలుపుకు తాళం వేసి ఉంది. అదే తాళం. దాని పైన అదే ఇంటూ గుర్తు.

"వెతుక్కోకు, తాళంచెవి నా దగ్గరుంది" అంది కూరగాయలామె. ఈసారి సిస్టరుగారూ అనలేదు. "మీ అత్త తన చెల్లెలింటికి పోతానంది. మా ఆయన బండి మీద దింపడానికి తీసుకెళ్ళాడు. మా కోడలికి రేపు అబద్ధం ఆడే పని లేకుండా నిజంగానే ఎవరూ లేకుండా చేస్తున్నా అని నవ్వింది. ఏం మనుషులమ్మా మీరు, అత్తాకోడళ్ళు!"

ఆ సాయంత్రమే ఇంజక్షనమ్మ వెళ్ళి పిలిచింది, బతిమాలింది, ఏడ్చింది. "నా మీద కోపమా అత్తయ్యా?" అంటే, "నీ మీద నాకు కోపమేమిటే పిచ్చిదానా, ఇక్కడ కిటికీ ఉంది" అందట ఆవిడ. వానలు మొదలైన రోజుల్లో ఆ కిటికీ కిందే, నిద్రలోనే పోయింది.

అది తరువాతి మాట. ఇప్పుడు మాత్రం మేడం గుమ్మం ముందు నిలబడి ఇంటూ గుర్తు వైపు చూసి, కళ్ళు తిప్పేసుకుంది. ఇంజక్షనమ్మ తాళం తీసి తలుపు తోసింది. మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మడతపెట్టి ఉంది. గోడ అడుగున ఇవాళ్టి నీలం ఊరుతోంది. పైన మేకుకు రేపటి కోటు వేలాడుతోంది, వెనక పేపరు మార్చి ఉంది, ముట్టుకుంటే కాలరు ఇంకా వెచ్చగానే ఉంది.