ఆరో గుండీ

మా ఆడపడుచు గౌనుకి ముందువైపు ఆరు గుండీలు. పెళ్లైన మర్నాడు పొద్దున్నే ఆ ఆరూ నాకు అప్పగించారు. "నా వేళ్లు వంగడం లేదమ్మా, ఇకమీద నువ్వే చూసుకోవాలి," అన్నారు అత్తయ్య. ఆ వంగని వేళ్లతోనే సాయంత్రం దాకా ఊలు స్వెట్టర్లు అల్లుకునేవారు. ఆడపడుచు నాకంటే రెండేళ్లు పెద్దది. వయసు పెరిగింది గానీ బుద్ధి ఐదారేళ్ల దగ్గర ఆగిపోయింది. చేతులు పక్కలకి చాపి నిలబడేది, నేను గుండీలు పెట్టేదాన్ని. తొమ్మిదేళ్లు పెట్టాను.

యూనివర్సిటీలో స్పెషల్ ఎడ్యుకేషన్ డిగ్రీ చదువుతానంటే మా ఆయన కాదనలేదు. "చదువు, మంచిదేగా. చెల్లికి పనికొస్తుంది," అన్నాడు, ఇంట్లో మిక్సీకి ఇంకో జారు కొంటున్నట్టు. నాకు మాత్రం వేరే ఆశ ఉండేది. డిగ్రీ వస్తే ఏదో ఒక బడిలో ఉద్యోగం వస్తుంది, రోజుకి ఏడు గంటలు ఈ గుమ్మానికి అవతల ఉంటాను. ఆ ఏడు గంటల కోసమే పొద్దున్నే వంటంతా ముగించి, ఆడపడుచుని డే కేర్‌లో దింపి, రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. క్లాసులో పిల్లలు నన్ను ఆంటీ అనేవాళ్లు. పరీక్షల ముందు నోట్సు కావాల్సినప్పుడు అక్కా అనేవాళ్లు.

ఏ పనైనా చివరి మెట్టు ముందు నేర్పాలని మా మేడం చెప్పింది. "గుండీ సగం దాకా మీరు దూర్చండి. కాజాలోంచి ఆ చివరి లాగుడు మాత్రం వాళ్లని లాగనివ్వండి. పని పూర్తి చేసింది తామేనన్న సంతోషం వాళ్లకి దక్కాలి." ఆ మాట దగ్గర నా కలం ఆగిపోయింది. ఇన్నేళ్లలో అలాంటి సంతోషం నాకెప్పుడైనా దక్కిందా అని వెతుక్కుంటూ కూర్చున్నాను. గంట కొట్టారు.

చివరి ఏడాది రికార్డు రాయాలి. ఒక మనిషి, ఒక పని, పక్కన మూడు గడులు: చెయ్యి పట్టుకుంటే చేస్తుంది, చెబితే చేస్తుంది, స్వతంత్రంగా చేస్తుంది. నేను మా ఆడపడుచునీ ఆ ఆరు గుండీలనీ ఎంచుకున్నాను. "రెండు నిమిషాల పనికి గంటసేపా? దాన్ని రాచి రంపాన పెడుతున్నావు," అనేవారు అత్తయ్య. నేను వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి అన్ని గుండీలూ ఆవిడే పెట్టేసేవారు, వంగని వేళ్లతోనే. నేను మళ్లీ విప్పి మొదలుపెట్టేదాన్ని. ఒకసారి విసుగెత్తి మా ఆయన మీద కూడా ఒక పేజీ రాశాను. పని: తాగిన గ్లాసు సింకులో పెట్టడం. ఏ గడిలోనూ టిక్కు పెట్టలేకపోయాను.

పదకొండో నెలలో ఒకరోజు ఆడపడుచు ఆరో గుండీ కూడా తనే పెట్టుకుంది. వంగి తన గౌను చూసుకుని, "నేనే, వదినా," అంది. నాకు ఏడుపు ఆగలేదు.

డిగ్రీ వచ్చింది. ట్రెయినింగుకి వెళ్లిన బడివాళ్లే సోమవారం నుంచి చేరమని ఉత్తరం పంపారు.

"ఇంట్లో మనిషిని గాలికొదిలేసి ఊళ్లో పిల్లల్ని ఉద్ధరిస్తావా?" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడు తనే గుండీలు పెట్టుకుంటోంది కదండీ."

"అదే నేననేది. నువ్వు పక్కనుండబట్టేగా నేర్చుకుంది! ఇంకా స్నానం ఉంది, జడ ఉంది. అసలు ఆ డే కేర్ కూడా మాన్పించేద్దాం. డిగ్రీ చదివిన టీచరు ఇంట్లోనే ఉండగా అదెందుకు?"

"చదివించింది దానికోసమేగా," అన్నారు అత్తయ్య, స్వెట్టర్‌లోంచి తలెత్తకుండానే.

నేను బాగా నేర్పడమే నా తప్పయింది. నేర్పకపోయి ఉంటే, చేతకానిదని వదిలేసేవాళ్లేమో. అప్పుడు చదువు దండగ అనేవాళ్లు. ఎటు తిరిగినా గోడే.

ఆదివారం పొద్దున ఆయన కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. "కుటుంబ కారణాల వల్ల చేరలేకపోతున్నాను," అని నా తరఫున ఆయనే టైపు చేయించాడు. పెన్ను మూత కూడా తీసి ఇచ్చాడు.

"ఇక్కడ," అన్నాడు, వేలు పెట్టి చూపిస్తూ.

అప్పుడే ఆడపడుచు గదిలోంచి వచ్చింది. ఐదో గుండీ పక్క కాజాలో పడింది. ఎవరూ చెప్పకుండానే ఆగి, చూసుకుని, విప్పి, సరిగ్గా పెట్టుకుంది. తర్వాత ఆరోదీ పెట్టుకుంది.

నేను సంతకం చేశాను.

గదిలోకి వెళ్లి రికార్డులో మిగిలిపోయిన ఆఖరి పేజీ తీసి తేదీ వేశాను. ఆడపడుచు పేరు రాసి, స్వతంత్రంగా చేస్తుంది అన్న గడిలో టిక్కు పెట్టాను. దాని కింది గీతలో నా పేరు రాశాను.

పని: సంతకం. చెబితే చేస్తుంది.