ఉప్పు డబ్బా

మా ఇంట్లో కూర రుచి చూసేది నేనొక్కదాన్నే. ఉప్పు వేసేదీ నేనే. ఇంకెవరూ ఆ డబ్బా ముట్టుకోరు. ఇదేదో గొప్ప అనుకునేరు! తాడు లేకుండా మనిషిని కట్టిపడేసే ఉపాయమిది.

నాన్న ఈ భోజన హోటల్ పెట్టిన కొత్తలో ఎవరికి తోచినట్టు వాళ్లు వండేవారట. నాన్న మరిచిపోయాడేమోనని అమ్మ, అమ్మ వేసిందో లేదోనని నాన్న, ఎందుకైనా మంచిదని నానమ్మ, తలా ఓ చారెడు ఉప్పు వేసేవారు. తిన్నవాళ్లు మంచినీళ్ల బిందె ఖాళీ చేసి తిట్టుకుంటూ పోయేవారు. ఆ తర్వాత వంటింట్లో రోజూ రభసే. చివరికి నానమ్మకు విసుగెత్తి, గట్టు మీద కూర్చుని కేరట్ ముక్క కొరుక్కుంటున్న నా ఒళ్లో ఉప్పు డబ్బా పెట్టి, "ఇకనుంచి ఉప్పు దీనిది. మిగతావాళ్లు నోరు మూసుకుని గరిటె తిప్పండి" అందట. అప్పటికి నాకు పాలపళ్లు కూడా ఊడలేదు.

నానమ్మ పోయింది, ఆవిడ మాట మాత్రం పోలేదు. నాన్నది పొయ్యి, అమ్మది కత్తిపీట, అన్నయ్యది అన్నం, నాది ఉప్పు. జ్వరంతో మంచమెక్కితే గరిటెలో కూర మంచం దగ్గరికే తెచ్చేవారు. ప్రాణస్నేహితురాలి పెళ్లికి ముస్తాబై గడప దాటబోతుంటే "కూర దించే వేళయింది, ఒక్క క్షణం ఆగు" అన్నారు. ఆ ఒక్క క్షణం అయ్యేసరికి అక్కడ కుర్చీలు ఎత్తేస్తున్నారు. మా వంటింటికున్న ఒకే ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపిస్తుంది. పొయ్యి పక్కనుంచి ఒళ్లు ఒదిగించుకుని నడిస్తే తప్ప గుమ్మం చేరలేం. ఆ ఆవిరిలో నాకు ఊపిరాడదు. నిజం, ఊపిరాడదు.

పోయిన వారం నాన్న కళ్లజోడు బాగుచేయించడానికి పక్క ఊరు వెళ్లాను. ఆ కళ్లజోళ్ల షాపు వెనక గదిలో ఒకావిడ అద్దాలు అరగదీస్తోంది. ఒక బల్ల, ఒక దీపం, వీధివైపు ఇంత పెద్ద కిటికీ. నాకు అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు. పని నేర్పిస్తారా అని అడిగేశాను. షాపాయన సరేనన్నాడు. "శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను, ఏ సంగతీ అప్పుడు చెప్పు. లేదంటే ఇంకొకర్ని చూసుకుంటా" అన్నాడు.

ఈరోజే శుక్రవారం. పొద్దున్నే నాన్నకు చెప్పాను.

"వెళ్లమ్మా, ఎవరు వద్దన్నారు?" అన్నాడు, పొయ్యి వెలిగిస్తూ. "ఉప్పు వేసేసి వెళ్లు."

"రోజూనా?"

"మరి వండేది రోజూ కదా."

ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నా ఖర్మ. అన్నయ్య బియ్యం కడుగుతూ తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సరే, ఇవాళ వెయ్యను, చూద్దాం అనుకున్నాను. ఎవరో ఒకరు కాస్త నాలుక మీద వేసుకుంటారు, తెలుస్తుంది, ఉప్పు వాళ్లే వేసుకుంటారు. ఒక్కసారి వేసుకుంటే చాలు, రేపు కూడా వేసుకోగలరు. నేను నిశ్చింతగా వెళ్లిపోవచ్చు.

"దించమంటావా?" అంది అమ్మ.

"దించు."

అమ్మ నా వైపు ఒకసారి చూసి, గుడ్డలు పట్టుకుని గిన్నె దించింది.

మొదటి బల్ల దగ్గర లారీ డ్రైవర్ రెండు ముద్దలు తిని ఆగాడు. "పెద్దాయనా, కూరలో ఉప్పు లేదు."

"మా అమ్మాయి చూసింది" అన్నాడు నాన్న.

"చూస్తే చూసింది. మీరూ ఓసారి నోట్లో పెట్టుకోండి."

"మీకు జలుబు చేసినట్టుంది."

పక్క బల్ల దగ్గరి టైలర్ తలెత్తాడు. "మరి నాకూ జలుబేనా?"

"గాలి మారింది కదా, అందరికీ ఉంది."

తలుపు వెనక నాకు మొదట నవ్వొచ్చింది. బల్లల మీద ఉప్పు పెట్టడం నాన్నకు నామోషీ, కాబట్టి వేసుకోవడానికి వాళ్లకు దారి లేదు. ఒక్కొక్కరే కంచాలు సగంలో వదిలేసి లేచిపోయారు. టైలర్ నా చిన్నప్పటినుంచీ మా దగ్గరే తింటాడు, ఆయన కూడా లేచాడు. నాన్న ఒక్క మెతుకు నోట్లో వేసుకుంటే తేలిపోయేది. వేసుకోలేదు. నా నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు.

హోటల్ ఖాళీ అయ్యాక రోజూలాగే వంటింట్లో నలుగురం కూర్చున్నాం. నాన్న కలుపుకున్నాడు, తిన్నాడు. అన్నయ్య తిన్నాడు. ఒక్కరి మొహంలోనూ మార్పు లేదు. నేనే ఉండబట్టలేకపోయాను.

"నేను ఉప్పు వెయ్యలేదు."

నాన్న చెయ్యి కంచంలో ఆగింది. అమ్మ తల ఎత్తలేదు.

"తెలుసు" అంది. "డబ్బా మూత చప్పుడు కాలేదుగా."

"తెలిసీ అందరికీ వడ్డించావా? నువ్వే వేస్తే పోయేది కదా."

"ఎట్లా వేస్తానే? అది నీ చోటు. నేను వేసేస్తే ఇక ఈ ఇంట్లో నీకేం మిగిల్చినట్టు?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఏడుపు కంటే ఎక్కువగా. చోటట, చోటు. ఆ చోట్లోంచి బయటపడదామని నేను చూస్తుంటే, పరువు పోయినా సరే దాన్ని నాకోసం భద్రంగా కాపాడుతోంది.

నాన్న ఇంకో ముద్ద కలిపాడు. గుటక పడక నీళ్లు తాగి, మళ్లీ కలిపాడు. ముగ్గురూ అలాగే తినేస్తారు. రేపూ, ఎల్లుండీ, నేను ఎక్కడున్నా, ఇలాగే చప్పగా తింటారు. ఆ డబ్బా నా మోకాలి పక్కనే ఉంది. ఎవరూ దాని వైపు చూడలేదు.

మూత తీశాను. నాన్నకు కాస్త తక్కువ, అన్నయ్యకు ఎక్కువ, అమ్మకు కంచం అంచున చిటికెడు. చెయ్యి దానంతటదే వెళ్లింది.

అప్పుడే గట్టు మీద ఫోన్ మోగింది. వేళ్లనిండా ఉప్పు. అందరం ఫోన్ వైపే చూశాం. చాలాసేపు మోగి ఆగిపోయింది.

నాన్న ఒక ముద్ద తిన్నాడు. "ఇప్పుడు బాగుంది" అన్నాడు. "ఇక వెళ్లమ్మా, ఆయనకు ఫోన్ చేసుకో."

నేను చెయ్యి కడుక్కుని వచ్చాను. అమ్మ అప్పటికే కత్తిపీట ముందు కూర్చుని రాత్రి కూరకు ఉల్లిపాయలు తరుగుతోంది. డబ్బాకు మూత పెట్టి, ఆవిడ పక్కన నా చోట్లో కూర్చున్నాను.