వీణ పలక మందం

బొబ్బిలి బజారులో సౌండు సామాన్ల కొట్టు పెట్టి పదకొండేళ్లయింది. ఏ స్పీకరుకి ఎన్ని వాట్ల యాంప్లిఫయరు సరిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అందుకే మొన్న చినబాబు మావ వీణ పట్టుకొచ్చి, "ఒసే ఝాన్సీ, మ్యూజిక్ టీచరు సుహాసినమ్మ దీన్ని ఎనక్కి పంపించీసినాది. నువ్వమ్మిన బాక్సులో పెడితే రేకు డబ్బాలాగ మోగతన్నాదట. ఏటో సూడు" అనేసరికి నాకు ఒళ్లు మండింది.

అలాంటి సెట్టే బల్ల మీద ఉంది. వీణకు అంటించిన, నాదాన్ని అందుకునే పికప్ బిళ్ల వైరును తీసుకెళ్లి నేరుగా యాంప్లిఫయరులో గుచ్చాను. నిజమే, కీచుమంది.

"బాక్సు కొత్తది మావా. స్పీకరుకీ యాంప్లిఫయరుకీ నేనే జత కుదిర్సినాను. వీణ బుర్ర మీద నువ్వేసిన పలకే మందంగా ఉన్నాదేమో సూసుకో!" అన్నాను.

మావ ముఖం చిన్నబోయింది. వీణలు చెయ్యడం ఆయనకు తాతల నాటి పని. "అయితే పలక ఊడదీసి పల్సన సేస్తాను. అప్పటికీ కుదరకపోతే ఇంక ఉలి పట్టనే" అని, టీ తాగి వస్తానని వెళ్లాడు.

కొట్లో వీణా నేనూ మిగిలాం. వైరు పీకేసి ఊరికే ఓ తీగ మీటాను. ఓలమ్మో! ఎంత నిండుగా పలికిందో. పలక మందమైతే ఈ నాదం ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఇక నాకు కాలు నిలవలేదు. స్పీకరు మార్చాను, కీచే. యాంప్లిఫయరు మార్చాను, అదే కీచు. వాల్యూము పెంచితే కీచు పెద్దదైంది, అంతే. మరి మధ్యలో ఏం పోతోంది? వైరు పట్టుకుని వెనక్కి వచ్చాను. స్పీకరు వైపు జత చూసుకున్నాను సరే, వీణ వైపు జత ఎప్పుడైనా చూశానా? బిళ్ల నుంచి వచ్చేది మహా నీరసమైన సిగ్నలు. దాన్ని నేరుగా పెద్ద యాంప్లిఫయరుకి ఇస్తే కింది స్వరాలన్నీ చచ్చిపోయి కీచు మాత్రమే మిగులుతుంది. ముందు దాన్ని అందుకుని బలం ఇచ్చే ప్రీయాంప్ ఉండాలి. గిటారు వాళ్ల కోసం తెప్పించిన చిన్న పెట్టె ఒకటి అలమారాలో మూలుగుతోంది. దుమ్ము దులిపి మధ్యలో కలిపాను.

మీటాను. కొట్టంతా వీణే. గుమ్మంలో మావ అలాగే నిలబడిపోయాడు.

"తప్పు నీ పలకది కాదు మావా, నాదే. ఈ పెట్టె ఇవ్వకుండా అమ్మీసినాను. తిట్టు, పడతాను."

తిట్టలేదు. దగ్గరికొచ్చి పలక మీద చెయ్యి వేసి, మళ్లీ మీటమన్నాడు. మూడుసార్లు విన్నాడు.

"ఈ ఏడు నాలుగు వీణలు ఇలాగే ఎనక్కొచ్చినాయే అమ్మీ. నా సేతిలో పనితనం పోనాదనుకున్నాను. నాలుగింటి పలకలూ గీసి పల్సన సేసీసినాను."

నా నోరు ఊరుకోదు కదా. "ఆళ్లు బాక్సులు ఎక్కడ కొన్నారు మావా?" అని అడిగాను.

"ఇంకెక్కడ కొంతారే? అందరికీ నీ కొట్టే సూపించినాను" అన్నాడు మావ.