మనిషేనని రాసిచ్చిన కాగితం

మధ్యాహ్నం మూడయ్యేసరికి జెరాక్స్ మిషను రెండోసారి మొరాయించింది. కొట్టు ముందు పాతికమంది పిల్లలు ఫైళ్లు పట్టుకుని ఒకరినొకరు తోసుకుంటున్నారు. మైనారిటీ స్కాలర్‌షిప్ దరఖాస్తులకి ఆరోజే ఆఖరు. ఐదింటికి ఎదురుగా ఉన్న ఆఫీసు కిటికీ మూసేస్తారు. జెరాక్స్ అక్క ఇరుక్కున్న కాగితాన్ని లాగుతూ మిషను ఏడు తరాలనీ తిట్టిపోస్తోంది. ఏ చదువుకి ఏ స్కాలర్‌షిప్ వస్తుందో, దేనికి ఏ కాగితం జతచెయ్యాలో ఆమెకి కంఠోపాఠం. ఆమె మాత్రం కాలేజీ గడప తొక్కలేదు.

బల్ల వెనక ఆమె తల్లి ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం అయినా మార్చకుండా ఫారాలకి పిన్నులు కొడుతోంది.

వరసలో చివర నిలబడ్డ ముగ్గురు ఆడపిల్లల ఫారాల్లో ఒక గడి ఖాళీగా ఉంది. వీళ్లు మా మతంవాళ్లేనని మతపెద్ద సంతకం చెయ్యాల్సిన గడి అది. ఆ పెద్దాయనకి సంచులు కుట్టే షెడ్డుంది. ఈ పిల్లల తల్లులు అక్కడే కుడతారు. సంచికి పావలా పెంచమని అడిగిన పాపానికి, నెలరోజులుగా ఆ పిల్లల్ని "రేపు రా" అని తిప్పుకుంటున్నాడు.

ఆ పెద్దాయనే ఇప్పుడు మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అలవాటుకొద్దీ వరస పక్కకి జరిగి దారిచ్చింది.

"మా పిల్ల ఫారం తిప్పికొట్టారమ్మా. సొంత తాత సంతకం చెల్లదంట. ఏదో ఒకటి చూడు" అన్నాడు.

అక్క చూడక్కర్లేదు. మతపెద్ద గానీ, ఆ మతంలోనే పర్మినెంటు సర్కారు ఉద్యోగి గానీ సంతకం చెయ్యాలి, బంధువు కాకూడదు. ఆ మతంవాళ్లందరిలో సర్కారు ఉద్యోగం ఉన్నది ఒక్కరికే. ఆ ఒక్కరూ బల్ల వెనక పిన్నులు కొడుతున్నారు. ముసలాయన అది తెలిసే వచ్చాడు.

ఇరవై రెండేళ్ల కిందట, మొగుడు పోయాక ఆమె ఆస్పత్రి శవాలగదిలో పనికి చేరింది. అన్ని మతాల శవాలూ కడిగే మనిషి మా మతంది కాదని పెద్దాయన స్కాలర్‌షిప్ ఆఫీసుకి ఉత్తరం రాసి స్టాంపు వేశాడు. ఆ ఏడే కూతురికి నర్సింగులో సీటొచ్చింది. స్కాలర్‌షిప్ రాలేదు, సీటు పోయింది. అప్పట్నుంచీ ఆ స్టాంపుని తలుచుకోని రోజు లేదు అక్కకి. ఇవాళ ఆయన ముఖం చూస్తుంటే ఆమెకి జాలి కలగలేదు. కడుపు చల్లగా ఉంది.

"మా అమ్మ సంతకం చెల్లదు కదా పెద్దాయనా. మీ మనిషి కాదని మీరే రాసిచ్చారు."

"అదెప్పటి మాట! ఏదో కోపంలో..."

"కోపంలో వేసినా స్టాంపు బాగానే పడింది."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క తెల్లకాగితం, పెన్నూ ఆయన ముందుకి తోసింది. "పాత ఉత్తరం రద్దు చేశామని, మా అమ్మ మీలో మనిషేనని రాయండి."

ఆయన రాశాడు. అక్క పైకి చదివింది. చివర్లో 'ఈ ఒక్క దరఖాస్తు కోసం మాత్రమే' అని ఉంది. నిలువునా చింపి బుట్టలో వేసింది.

"మళ్లీ రాయండి."

"నాకు నేర్పుతున్నావా నువ్వు?"

"నాలుగైంది. మీ ఇష్టం."

"తాతయ్యా, రాసెయ్" అంది మనవరాలు, తలెత్తకుండానే.

ఆయన మళ్లీ రాసి, జేబులోంచి తీసి స్టాంపు కొట్టాడు. తల్లి పిన్నులు పక్కన పెట్టి లేచి నిలబడింది. "చదువమ్మా, గట్టిగా" అంది కూతురితో. ఒకసారి కాదు, మూడుసార్లు చదివించుకుంది. ఆ తర్వాతే మనవరాలి ఫారం తీసుకుని సంతకం పెట్టింది.

"పనైందిగా. ఒక కాపీ తీసుకుని నా కాగితం నాకియ్యి" అన్నాడు పెద్దాయన, చెయ్యి చాపి.

అక్క ఇరుక్కున్న ముక్కని లాగేసి, కాగితాన్ని మిషను అద్దం మీద పెట్టి మీటలు నొక్కింది. ఒకటి, రెండు, ఐదు, పది... కాపీలు పడుతూనే ఉన్నాయి.

"ఇన్నెందుకు?"

"వరసలో ఎంతమందున్నారో చూడండి. ఇకమీద వీళ్లు మీ గుమ్మం తొక్కక్కర్లేదు. అన్నిటికీ మా అమ్మే చేస్తుంది."

పెద్దాయనకి అప్పుడర్థమైంది. ముఖం నల్లబడింది. "అది నా కాగితం. ఇటివ్వు."

"ఇవ్వను. అసలుది చూపించందే ఆఫీసువాళ్లు ఒక్క ఫారమూ తీసుకోరు. మీ మనవరాలిది కూడా."

తల్లి పెన్ను పట్టుకుని, చివరనున్న ముగ్గురినీ ముందుకి పిలిచింది. మొదటి పిల్ల బల్ల దాకా వచ్చింది. పెద్దాయన గొంతు తగ్గించాడు.

"దానిచేత సంతకం పెట్టించుకున్నావో, మీ అమ్మ రేపట్నుంచి షెడ్డుకి రానక్కర్లేదు. ఆలోచించుకో."

పిల్ల చెయ్యి ఫారం మీద ఆగిపోయింది. వెనక ఉన్న ఇద్దరూ దాని వంకే చూస్తున్నారు. పెట్టించుకోమని అక్క చెప్పగలిగేది కాదు, పోయేది ఆ పిల్ల తల్లి కూలి. పిల్ల పెదవి కొరుక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫారాన్ని అక్క తల్లి వైపు తిప్పి, ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"ఇక్కడ, అమ్మమ్మా."